సాలార్‌జంగ్ జపాను జాడీలు: అజ్ఞాత శ్రమ

సాలార్‌జంగ్ మ్యూజియం పక్కనుంచి పారే మూసీ మా నాగోలు మీదుగానే కిందికి పోతుంది. నిరుడు మా బడి పిల్లల్ని ఆ మ్యూజియానికి తీసుకువెళ్లాను. జపాను వస్తువుల దగ్గర, ఒక సత్సుమా జాడీ ముందు, తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు నిలబడిపోయాడు. వాళ్ల నాన్న రోడ్డు పక్కన రంజన్లు, బోనాల కుండలు అమ్ముతాడు. "సార్, ఇది చేసిన కుమ్మరాయన పేరేంది?" అని అడిగాడు.

సేకరించినవాడి పేరయితే వెంటనే చెప్పగలిగాను. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949), 1912 నుంచి 1914 దాకా నిజాం ప్రధానమంత్రి. పదవి వదిలాక ఆయన జీవితమంతా కళాఖండాల సేకరణే. అందుకు డబ్బెక్కడిది? నిజాం రాజ్యంలో దివానీ, సర్ఫేఖాస్, జాగీరు అని భూములు మూడు రకాలు. కొప్పళ వంటి జాగీర్లు సాలార్‌జంగ్ కుటుంబానివి. అక్కడి రైతు కట్టిన శిస్తే ఈ జాడీల ఖరీదులో ఉంది. 1949 మార్చిలో ఆయన మరణించాడు. అదే ఏడు ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1951 డిసెంబరులో దివాన్ దేవిడీలో నెహ్రూ ఈ సేకరణను ప్రజలకోసం తెరిచాడు. 1968లో అది ఇప్పటి భవనానికి మారింది.

ఒకప్పుడు నేను ఇక్కడితో ఆగిపోయేవాణ్ణి. నవాబు విలాసం అనేస్తే విమర్శ అయిపోయిందనుకునేవాణ్ణి. అది సగం విమర్శ మాత్రమే. కొన్నవాడి చరిత్ర చెప్పి, చేసినవాడి చరిత్రను వదిలేస్తే మనమూ నవాబు పక్షానే నిలబడ్డట్టు.

ఆ చరిత్ర యుద్ధంతో మొదలవుతుంది. 1592-98 మధ్య హిదెయోషి సైన్యాలు కొరియా మీద దండెత్తాయి. తిరిగివస్తూ జపాను ప్రభువులు కొరియా కుమ్మరులను పట్టి తెచ్చుకున్నారు. సత్సుమా ప్రభువు షిమాజు తెచ్చిన కుటుంబాల చేతుల్లోనే అక్కడి పింగాణీ పని పుట్టింది. అంటే జపాను కళగా మనం మెచ్చుకుంటున్నదానికి పునాది బందీల శ్రమ. 1867 పారిస్, 1873 వియన్నా ప్రదర్శనల తర్వాత యూరపు సంపన్నులు సత్సుమా కోసం ఎగబడ్డారు. దాంతో క్యోటో, ఒసాకా, యొకొహామా కార్ఖానాలన్నీ "సత్సుమా" తయారుచేయసాగాయి. చాలా జాడీలు సత్సుమా నేల ముఖం చూసినవి కావు!

కుర్రవాడికి పని వివరం చెబితే వెంటనే అర్థమయింది. మీగడరంగు పూత చల్లారేటప్పుడు లోపలి మట్టికంటే ఎక్కువ ముడుచుకుంటుంది. అందుకే జాడీ ఒళ్లంతా సన్నని పగుళ్లు. ఆ పూత మీద రంగులు, బంగారం అద్ది, తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. "మా ఆవంలో ఒక్కసారే కాలుస్తం సార్" అన్నాడు.

జపానులో యనాగి సొయెత్సు అనే విమర్శకుడు 1920ల్లో "మింగెయి" అంటే జనకళ అన్న మాట ప్రచారంలోకి తెచ్చాడు. 1936లో టోక్యోలో దానికో మ్యూజియం పెట్టాడు. పేరు కోరని పనివాడి చేతిలోనే నిజమైన అందం పుడుతుందని ఆయన వాదం. బంగారు నగిషీల సత్సుమాను ఆయన మెచ్చేవాడు కాడు. రోజువారీ గిన్నెకు గౌరవం తెచ్చిన మేలు ఆయనదే, కాదనలేం. కాని పేరు లేకపోవడం పనివాడు ఎంచుకున్న వ్రతమా? పేరు అతనికి దక్కనివ్వలేదు, అంతే. మనకు కుమ్మరి మొల్ల పేరు తెలిసిందీ కావ్యం రాసింది గనకనే. కుండలే చేసి ఉంటే తెలిసేదా?

ఎగుమతి సత్సుమాలో పేర్లు లేకపోలేదు. కింకోజాన్, యాబు మెయిజాన్ వంటి సంతకాలు ప్రసిద్ధమైనవే. అయితే అవి చాలావరకు కార్ఖానా ముద్రలు. ఆ ముద్ర కింద బల్లల ముందు వంగి, వెంట్రుకవాసి కుంచెలతో సీతాకోకచిలుకలు దిద్దినవాళ్లు వేరే.

ఇంత చెప్పాక, ముద్ర ఉంటే జాడీ అడుగున ఉంటుందిరా అన్నాను. వాడు నేలమీద గొంతుక్కూచుని, అద్దానికి చెంప ఆనించి కిందినుంచి చూశాడు. అడుగు కనిపించలేదు.