వేసవికిఁ జరిత్ర గలదా?

మన పూర్వులు పెక్కాపదలను సంవత్సరనామములతో గుర్తుంచుకొనిరి. 1832-33 నాఁడు గుంటూరు మండలమును బాడుచేసినది నందన కఱవు. 1876-78 నాఁడు చెన్నరాజధానిని బీడించినది ధాత కఱవు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణముపైఁ బొంగివచ్చిన సముద్ర మించుమించు 30,000 ప్రాణములను గొనిపోయినది. అది రక్తాక్షి సంవత్సరము. కఱవునకుఁ బేరున్నది, ఉప్పెనకుఁ దేదీ యున్నది. ఏఁటేఁట మూఁడు నెలలు నిప్పులు చెఱగు దేశమున ఫలాని యేఁటి యెండ యని చెప్పుకొనఁదగిన వేసవి యొక్కటియు, నే నెఱిఁగినంతలో, మన చరిత్రమున నిలువలేదు.

ఎండ చంపలేదా? చంపినది. 2003వ సంవత్సరమున నాఁటి యాంధ్రప్రదేశమున వేయిమందికి మించియు, 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ తెలంగాణములు రెంటను గలిపి రెండువేలమందికి మించియు వడదెబ్బచే మృతినొందినట్లు ప్రభుత్వముల లెక్కలే చెప్పినవి. పూర్వ మూరకుండిన యెండ మన నాఁడే చంప మొదలిడె ననుట పొసఁగదు. పూర్వము లెక్కింపలేదు, అంతియే. ఆ లెక్కింపమికిఁ గారణ మేమి, లెక్కకు మాఱుగా మనవారు విడిచిన గుఱుతు లెవ్వి యని విచారించుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

మొదటి గుఱుతు ఱాతిమీఁద నున్నది. కర్నూలు మండలములోని యెఱ్ఱగుడి కొండబండలపై నశోకుని పదునాలుగు శిలాధర్మలిపులు కలవు. అందు రెండవ లిపిలో, మనుష్యులకును బశువులకును ఉపయోగపడునట్లు త్రోవలయందు బావులు త్రవ్వించితి ననియు, చెట్లు నాటించితి ననియు రాజు చెప్పుకొనుచున్నాఁడు. వేసవి యను మాట యందు లేదు. కాని నీడయు నీరును గోరుకొను బాటసారి యే ఋతువువాఁడో వేఱుగఁ జెప్పవలసిన పని లేదు. క్రీ.పూ. మూఁడవ శతాబ్దినాఁటి యీ వ్రాఁతను తెలుఁగునేల వేసవిచరిత్రమున మొదటి పుటగా నేను లెక్కింతును.

ఇప్పుడు ఢిల్లీయం దున్న తోప్రా స్తంభముమీఁది యేడవ లిపి యింకను విపులమైనది. నీడకొఱకు మఱ్ఱిచెట్లు, మామిడితోఁటలు, అర్ధక్రోశమున కొక్కొక్క బావి, విశ్రమించుటకు గృహములు, పశువులకును మనుష్యులకును ఆపానములు. శబ్దజ్ఞు లిచ్చట నొక్కనిమేషము నిలువక తప్పదు. ఆపాన మనఁగాఁ దరువాతి సంస్కృతమున మద్యము త్రాగువారి గోష్ఠి. అశోకుని నాఁ డది దప్పిగొన్న యెడ్లు నోరు తడుపుకొను తావు. శబ్దమున కింతటి పతనము కలుగుట యరుదు గాదు గాని, యిందు మాత్రము కొంచెము నవ్వు వచ్చును. ఇంత చేసియు నా రాజు, ఇది స్వల్పసుఖమే, పూర్వరాజులును నిట్లే చేసిరి, నా ప్రయోజనము ధర్మప్రవృత్తి యనుచున్నాఁడు. తన దానమును దానే యిట్లు తగ్గించి చెప్పిన శాసనకర్త మఱియొకఁడు నాకుఁ గనఁబడలేదు.

నాసికలోని పదవ గుహయందు నహపానుని యల్లుఁడగు ఉషవదాతుని శాసన మున్నది. ఆయన నదులు దాఁటుటకు నావ లేర్పఱిచి, యిరుదరులను సభలను, బ్రపలను గట్టించెను. ఆ పిమ్మట నా సీమ శాతవాహనుల చేతికి వచ్చినది. శాతవాహనుఁడగు హాలుఁడు కూర్చినదిగాఁ జెప్పఁబడు గాథాసప్తశతిలో నీ ప్రప మనుష్యులతోఁ గూడి కన్పట్టును. బాటసారి దోసిలి పట్టి, కన్ను లెత్తి, వ్రేళ్ళ సందులు విడిచి నీటిని జాఱనిచ్చుచు త్రాగుట ముగింపఁడు. నీరు పోయు ప్రపాపాలికయుఁ దన ధారను సన్నము చేయుచునే యుండును. అలంకారికులు దీనిని శృంగారమున కుదాహరణముగాఁ జదువుదురు. నేను వేఱొక్కటి చూచుచున్నాను. బాటప్రక్కను నీరు పోయుటకే నియుక్తయైన స్త్రీ యొకతె యుండుట కవికిఁ జెప్పి యొప్పింప నక్కఱలేని సామాన్యవిషయ మైనది. పేరు పెట్టి పిలువఁదగిన వృత్తి యైనది.

ప్రప యను శబ్దము పానార్థకమగు పా ధాతువుమీఁద ప్ర యను ఉపసర్గము చేరఁగాఁ బుట్టినది. ఉపసర్గపూర్వకములగు ఆకారాంతధాతువులకుఁ బాణిని స్త్రీలింగమున విధించిన అఙ్ప్రత్యయ మిందు గలదు. తెలుఁగున దీనిపేరు చలివేంద్రము, చలిపందిలి. సంస్కృతము త్రాగుటను జూచి పేరు పెట్టఁగాఁ దెలుఁగు చల్లఁదనమును జూచి పెట్టినది. చలువ, చల్లన, చల్ది యను మాటలతోఁ జుట్టఱిక మున్న చలి యిది. మార్గశిరమున వడఁకించు చలి గాదు. సుఖమిచ్చు శైత్యమును, బాధించు శైత్యమును నొక్కశబ్దముతోఁ జెప్పుకొనిన మనవారు వేఁడిని మాత్రము సూక్ష్మముగా విభజించిరి. వడ వేఱు, ఉక్క వేఱు. వడ పడమటి పొడిగాలి మోసికొనివచ్చునది. ఉక్క తేమతోఁ గూడి కదలక నిలుచునది. వడలోఁ జెమట పుట్టిన తోడనే యాఱిపోవును, మనిషికిఁ దన నీరు తఱిఁగిపోవుటయే తెలియదు. ఉక్కలోఁ జెమట యాఱదు, కావున దేహము చల్లపడదు. రెండును జంపును, చంపు తీరు వేఱు. కోస్తాలో సముద్రపుగాలి మధ్యాహ్నమున లోనికి వచ్చి కాపాడుచుండును. పడమటిగాలి బలిసి దాని నడ్డగించిన దినములలోనే యక్కడ ప్రాణనష్టము మిక్కుట మగును. వాతావరణశాస్త్రజ్ఞులు నేఁడు యంత్రములతోఁ జెప్పు నీ భేదము భాషలో ముందే యున్నది.

భేద మెఱిఁగినవారు సంఘటన నేల గుర్తింపలేదు? వేసవి మనకుఁ బంచాంగమునఁ దిరిగివచ్చు నొక కాలముగాఁ దెలియును గాని, యొకప్పుడు వచ్చిపోయిన యాపదగాఁ దెలియదు. రోహిణికార్తెలో రోళ్ళు పగులు నను లోకోక్తి నెఱుఁగని తెలుఁగువాఁడు లేఁడు. సూర్యుఁ డిప్పుడు రోహిణిని బ్రవేశించుట మే 25వ తేదీ ప్రాంతమున. ఋతుపవనమునకు ముందటి యా దినములకు లోకోక్తి చక్కఁగ నొప్పినది. కాని మన కార్తెలు నిరయనములు, ఋతువులు సాయనములు. అయనచలనముచే సుమారు 71 ఏండ్ల కొకదినము చొప్పున రోహిణి ఋతువునందు ముందునకు జరుగుచున్నది. ఆఱవ శతాబ్దిలో వరాహమిహిరుని కాలమున రోహిణీప్రవేశము నేఁటి లెక్కను మే మొదటివారమున నయ్యెడిది. ఉత్తరాయణావధి పూర్వ మాశ్లేషార్ధమున నుండి తన కాలమునఁ గర్కాటకాదికి వచ్చెనని యాయనయే వ్రాసినాఁడు. కాఁబట్టి రోళ్ళు పగిలిన రోహిణి యనాదిసిద్ధము గాదు. కొన్ని శతాబ్దుల యనుభవము. ఇంకొక వేయేండ్లకు నిదే రోహిణి తొలకరి వానలలోఁ దడియును. అప్పటివారు లోకోక్తిని మార్చుకొందురో, లేక యర్థముఁ దెలియక వల్లించుచుందురో!

వైపరీత్యమును బట్టుకొనఁదగిన శాస్త్రము లేకపోలేదు. బృహత్సంహితయొక్క యుత్పాతాధ్యాయము శీతోష్ణములు తాఱుమాఱగుటను, ఋతువులు సరిగాఁ బ్రవర్తింపకుండుటను బేర్కొని, యాఱు నెలలలో రాష్ట్రభయమును రోగభయమును జెప్పుచున్నది. నేఁటి భారత వాతావరణశాఖ, 1875లో నేర్పడినది, మైదానములలో గరిష్ఠోష్ణత 40 డిగ్రీలు దాఁటి సహజమునకన్న 4.5 డిగ్రీలు మించినప్పుడు వడగాలి యని ప్రకటించును. సహజమునుండి తొలఁగుటయే రెంటను లక్షణము. భేద మెక్కడ ననఁగా, మన ప్రాచీనుఁడు తొలఁగుటను జూచి రాజునకు రాఁబోవు కీడు నూహించెను. ఆ మధ్యాహ్నమే పొలమునఁ బడిపోయినవానిని మాత్రము చూడలేదు. వరాహమిహిరునియందు నాకుఁ గల గౌరవ మెంత గొప్పదైనను నీ మాట చెప్పక తప్పదు.

వైద్యశాస్త్రము చూచినది. కాని యెవ్వనిని జూచినది? చరకుఁడు గ్రీష్మమున పగలు చల్లని గదిలోను, రాత్రి చందనము పూసికొని వెన్నెల కాయు మేడమీఁదను శయనింపుమనును. వాగ్భటుఁ డుప్పు, కారము, పులుపు, వ్యాయామము, ఎండ వీనిని వర్జింపుమనును. మేడ గలవానికి నివి మేలైన మాటలే. గునపము పట్టినవాఁ డెండను వర్జించు టెట్లు? వాని చెమటతో నుప్పును బోవుచుండును. అందుచే వాఁ డుప్పు కలిపిన మజ్జిగను, అంబలిని, తరవాణిని ద్రాగి, తెల్లవాఱకమున్నె పని మొదలిడి, ప్రొద్దెక్కఁగనే చెట్టుక్రిందఁ జేరెను. శాస్త్రము తప్పని నే ననను. కూలివాని ఋతుచర్యను వ్రాసిన గ్రంథము లేదు. అది కుండలలో నున్నది.

చలివేంద్రమునుగూర్చి చెప్పుచు దాఁచఁగూడని విషయ మొకటి కలదు. మా గ్రామమున రావిచెట్టు క్రింద మా నాయనమ్మ యేఁటేఁట వేసవిలో నీళ్ళు పోయించుచుండెను. కొందఱకుఁ జెంబుతో నిచ్చెడివారు. కొందఱకు దూరమునుండి ఱేకుగొట్టముగుండఁ బోసెడివారు. వారు వంగి దోసిలి పట్టెడివారు. హాలుని గాథలోని ధారను జదువునపుడెల్ల నాకా గొట్టము జ్ఞప్తికి వచ్చును. 1927లో మహద్ చెఱువునీటికొఱకు అంబేద్కరుగారు నడచినది మార్చి నెలలో. ఎండలు ముదురు దినములవి. ఎఱ్ఱగుడి బండమీఁద మనుష్యులు, పశువులు నను రెండు తెగలే కలవు, మూఁడవది లేదు.

ఇఁక లెక్కకు వత్తము. చెన్నరాజధానిలో గ్రామాధికారులు జననమరణములను వ్రాసి పంపెడివారు. ఆరోగ్యశాఖవారు వానిని వార్షికనివేదికలలోఁ గూర్చెడివారు. అందలి మరణకారణములు విషూచి, మశూచికము, జ్వరములు, అతిసారము, గాయములు, ఇతరములు నని యిట్టి కొన్ని గళ్ళలోనే యిమిడెడివి. వడదెబ్బ తగిలినవాని దేహము 40 డిగ్రీలు దాఁటి కాలును. వ్రాయువాఁడు దానిని జ్వర మనక యేమనును?

నేను బాలుఁడనై యుండఁగా మా పెదతండ్రిగారు కరణీకము చేయుచుండిరి. ఒక మే నెల మధ్యాహ్నమునఁ జెఱువులోఁ బూడిక తీయుచుండిన కూలి యొకఁడు మా రావిచెట్టుదాఁక నడచివచ్చి, నీ రడిగి, త్రాగకయే యొఱగిపోయెను. సాయంకాలము పెదతండ్రిగారు పుస్తకమున జ్వర మని వ్రాయుచుండఁగా నేను ప్రక్కనుండి చూచి, ‘వడదెబ్బ గదా, పెదనాన్నా?’ అంటిని. ఆయన కల మాఁపి, ‘దానికి గడి లేదురా, నాయనా’ అనిరి. ఆయన యబద్ధము వ్రాయు మనిషి కారు. పుస్తక మాయనకు నిజము వ్రాయుటకుఁ దావు చూపలేదు.

గడి లేకున్నను లెక్క తీయు నుపాయ మొకటి యిటీవల దొరకినది. 2010 మే నెలలో అహమ్మదాబాదు 46.8 డిగ్రీల యెండను జూచినది. అప్పటి మరణములను ముందు వెనుక సంవత్సరముల మే నెలలతోఁ బోల్చి చూచిన పరిశోధకులకు 1,344 మరణము లధికముగాఁ గనఁబడినవి. కారణము పేరు వారడుగలేదు. మొత్తమును మాత్రమే చూచిరి. దానినిబట్టియే 2013లో నా నగరమునకు వేసవిరక్షణప్రణాళిక యేర్పడినది. ఈ పద్ధతి మన పాతపుస్తకములకును వర్తించును. విషూచి లేని యేఁట జ్వరము గడి మే నెలలో నకస్మాత్తుగా నిండి, తొలకరి పడఁగనే తఱిఁగిన, ఆ జ్వర మేదియో పోల్చుకొనవచ్చును. పల్నాటి పుస్తకములు మొదటఁ జూడఁదగినవి. అత్యధికోష్ణతకుఁ బేరుపడిన రెంటచింతల యచ్చటిదే, నీటికఱవును బరిహసించుచు శ్రీనాథుని పేరఁ జెల్లు చాటువులు నా సీమవే.

1984లో ఆంధ్రప్రదేశమునఁ గరణీకములు రద్దయినవి. నాఁటి పుస్తకములు కొన్ని ప్రభుత్వకార్యాలయములకుఁ జేరినవి, కొన్ని పాతయిండ్ల యటుకలపైఁ జెదల పాలగుచున్నవి. ఈ పత్రిక చదువు పండితులలోఁ బలువురు కరణపు కుటుంబములవారు. తమ యిండ్ల నట్టి పుస్తకము లున్నయెడల, చచ్చినవారి పేరులు విడిచి, నెలవారి మొత్తములను, జ్వరము గడిలోని సంఖ్యలను మాత్రము నకలు వ్రాసికొనవలయునని ప్రార్థించుచున్నాను. వరుసగాఁ బదేండ్లవి దొరకినఁ జాలును. మా పెదతండ్రిగారి పుస్తకమునుండి యట్టి పట్టికను నేను వ్రాయుచున్నాను. సిరా వెలసిపోయిన పుటలు కొన్ని కలవు గాన నాలస్య మగుచున్నది; ముగిసిన తోడనే యీ పత్రికకుఁ బంపుదును.