డాలరు పుట్టిన లోయ

డాలరు అనే మాట మన విద్యార్థులందరికీ తెలుసు. అది ఒక ఊరి పేరునుండి వచ్చినదని తెలిసినవారు తక్కువ. ఆ ఊరు అమెరికాలో లేదు. మధ్య ఐరోపాలో, చెక్ దేశపు పడమటి అంచున, జర్మనీ సరిహద్దుకు చేరువలో ఉన్నది. దాని పేరు యాఖిమోవ్. అడవులు కప్పిన కొండల నడుమ, ఇరుకైన లోయలో, వాగు వెంబడి పొడుగుగా కట్టిన చిన్న పట్టణమది. ఆ వాగు నీరు కొండ దిగి చివరకు ఓహ్రే నదిలో కలుస్తుంది. నేడు అక్కడి జనాభా మూడు వేల లోపే.

వెండి దొరకడంవల్ల 1516లో ఈ పట్టణం వెలిసినది. దాని జర్మన్ పేరు యోవాకిమ్‌స్టాల్, అనగా యోవాకిము లోయ. 1520 ప్రాంతంలో ఇక్కడ వేసిన పెద్ద వెండి నాణేలను యోవాకిమ్‌స్టాలర్లు అన్నారు. వాడుకలో అది ‘టాలర్’గా కుదించుకొని, ఇతర భాషలలో ‘డాలర్’ అయినది. కొద్ది ఏండ్లలోనే జనాభా సుమారు 18 వేలకు పెరిగినది. నాటి టంకశాల భవనం ఇప్పుడు మ్యూజియం.

1527లో ఈ ఊరికి వైద్యుడుగా వచ్చిన అగ్రికోలా, రోగులతోపాటు గనులనుకూడ పరిశీలించాడు. ఆయన గ్రంథం ‘దే రే మెటాలికా’, ఆయన మరణించిన మరుసటి ఏట, 1556లో వెలువడినది. గని దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుందనీ, యంత్రాలతో గాలిని లోపలికి పంపవలెననీ, పనివారు ముఖానికి ముసుగు వేసుకోవలెననీ ఆయన అందులో వ్రాశాడు.

వెండితోపాటు గనులలో బరువైన నల్లరాయి ఒకటి తగిలేది. అదే పిచ్‌బ్లెండ్. చాలకాలం దానిని పనికిరానిదని పారవేశారు. ఇట్టి రాతినుండి 1789లో బెర్లిన్ రసాయనజ్ఞుడు క్లాప్రోత్ యురేనియం ఉనికిని కనుగొన్నాడు. పందొమ్మిదవ శతాబ్దంలో యాఖిమోవ్ కర్మాగారం దానితో గాజుకు వేసే రంగులు తయారుచేసి, మిగిలిన మడ్డిని అడవిలో కుప్పలు పోసినది.

పిచ్‌బ్లెండ్ రేడియోధార్మికత, దానిలోని యురేనియంకు ఉండవలసినదానికంటె ఎక్కువగా ఉన్నట్లు 1898లో మేరీ క్యూరీ కొలిచి చూసినది. అయితే అందులో మరేదో ఉండవలెను గదా! ఆ తర్కమే ఆ ఏడు జూలైలో పొలోనియంను, డిసెంబరులో రేడియంను వెల్లడించినది. ఆ అడవి మడ్డి బస్తాలలో పారిస్ చేరినది; దానిలో పైన్ ఆకులుకూడ కలిసి ఉన్నవి. టన్నులకొద్దీ మడ్డిని శుద్ధిచేయగా 1902 నాటికి దక్కిన రేడియం క్లోరైడు గ్రాములో పదవవంతు మాత్రమే.

అయితే ఆ రాతిని తవ్వినవారి సంగతేమిటి? కొండలకు ఆవలివైపు, ష్నేబెర్గ్ గని కార్మికులను చంపుతున్న జబ్బు ఊపిరితిత్తుల కంతి అని 1879లో హార్టింగ్, హెస్సె అనే వైద్యులు చూపారు. 1930 ప్రాంతంలో యాఖిమోవ్‌లోనూ అదే కాన్సరు బయటపడినది. రేడియం క్షీణించి రేడాన్ అనే వాయువు అవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, అర్ధాయువు 3.8 రోజులు. గాలి ఆడని సొరంగంలో అది పోగవుతుంది. దానినుండి పుట్టిన పొలోనియం ఐసోటోపులు దుమ్ముకు అంటుకొని ఊపిరితిత్తులలో చేరి, ఆల్ఫా కణాలతో కణజాలాన్ని దెబ్బతీస్తాయి. ముఖ్యమైన నివారణ గాలి బాగా ఆడించుటయే. దుమ్మును గూర్చి అగ్రికోలా చెప్పినదీ అదే!

తెలిసినంతమాత్రాన ఆచరణలోకి రాదు. 1945 తరువాత సోవియట్ అణ్వస్త్రాలకు యురేనియం కావలసివచ్చినది. యాఖిమోవ్ చుట్టూ శిబిరాలు లేచినవి. 1949 నుండి 1961 వరకు రాజకీయ ఖైదీలచేత గనులలో బలవంతంగా పని చేయించారు. రేడాన్ ప్రమాదం తెలిసియు, వారికి తగిన రక్షణ కల్పించలేదు. 1960 దశకంలో ఆ తవ్వకం ఆగినది. 2019లో యునెస్కో ఈ గనుల ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది.

మన కడప జిల్లా తుమ్మలపల్లెలోను యురేనియం గని ఉన్నది. కనుక ఇది మనకు సంబంధించని కథ కాదు. రేడియం పాఠం చెప్పునప్పుడు క్యూరీ ప్రయోగశాలతోపాటు, ఆ గనిలోని గాలిని గూర్చికూడ ఉపాధ్యాయులు నాలుగు మాటలు చెప్పవలెను.