గళ్ళ చరిత్ర: రూళ్ళకర్ర నుంచి వెబ్ పేజీ దాకా



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల చరిత్ర రాయగల పెద్దలు మన సంఘంలో చాలామందే ఉన్నారు. నేను ఉద్యోగమంతా రిజిస్టర్లలో గళ్ళు గీసి నింపిన గుమాస్తాను గనుక గళ్ళ చరిత్రే రాస్తున్నాను. ఈనాడు మన మనవలు, మనవరాళ్ళు కంప్యూటరు తెర మీద గళ్ళు అమర్చి, వాటిని ఎక్కడో ఉన్న రికార్డులకు తగిలించి, ఊరందరూ వాడుకొనే వెబ్ పేజీని ఒక పూటలో తయారు చేస్తున్నారు. ఆ పని ఇంత సులువెలా అయిందో, సులువు కానిది ఏం మిగిలిందో మనవి చేస్తాను.

ముందు రికార్డుల సంగతి. అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ అనే ఆంగ్లేయుడు 1970లో ఒక వ్యాసం ప్రచురించారు. సమాచారాన్నంతా పట్టికలుగా ఉంచాలనీ, అది యంత్రంలో ఏ మూలన ఉందో వాడుకొనేవారికి తెలియనక్కరలేదనీ ఆయన సిద్ధాంతం. మన భాషలో చెప్పాలంటే, సర్వీసు రిజిస్టరులోని ఉద్యోగి నంబరే జీతాల బిల్లులోనూ, జి.పి.ఎఫ్. ఖాతాలోనూ ఉంటే మూడింటినీ కలిపి చూడవచ్చు. 1974లో అదే కంపెనీకి చెందిన చాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు ఆ పట్టికలను ప్రశ్నించడానికి ఒక భాష తయారు చేశారు. ఈనాటి ఎస్.క్యూ.ఎల్. దానినుంచి వచ్చినదే.

మరి ఆ భాష రానివారి మాటేమిటి? అక్కడే మోషే జ్లూఫ్ అనే మరో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు 1970ల మధ్యలో ఒక ఉపాయం కనిపెట్టారు. తెర మీద ఖాళీ పట్టిక వస్తుంది. ‘ఊరు’ అన్న గడిలో తెనాలి అని రాసి, ‘పేరు’ అన్న గడిలో ఒక గుర్తు పెడితే తెనాలి వారి పేర్లన్నీ వచ్చేస్తాయి. వాక్యం రాయకుండా గడి నింపి పని జరిపించుకోవడానికి అది తొలిమెట్లలో ఒకటి.

1991లో మైక్రోసాఫ్ట్ వారి విజువల్ బేసిక్ వచ్చింది. తెర మీదికి పెట్టెలు, మీటలు మౌసుతో లాగి పెట్టి ఫారం తయారు చేసుకోవచ్చు. మరుసటి ఏడు యాక్సెస్ వచ్చి, పట్టికలు, ఫారాలు, రిపోర్టులు ఒకేచోట చేర్చింది. అయితే ఇవి ఆఫీసు గోడల మధ్య యంత్రాలకే పరిమితం.

వెబ్ వచ్చిన కొత్తలో పేజీ అంటే నోటీసు బోర్డే. అంటించినది చదువుకోవాలి, అంతే. రికార్డు నుంచి ఎవరి వివరం వారికి చూపాలంటే ప్రత్యేకంగా ప్రోగ్రాం రాయాలి. 1995లో అలైర్ సోదరులు కోల్డ్‌ఫ్యూజన్‌తో పేజీలోనే ప్రశ్న రాసే వీలు కల్పించారు. 1996లో మైక్రోసాఫ్ట్ వారి ఏ.ఎస్.పి. వచ్చింది. 1997లో మాక్రోమీడియా కంపెనీ డ్రీమ్‌వీవర్‌ను విడుదల చేసింది. పేజీని చూస్తూ దిద్దుకోవచ్చు. 2000లో అదే కంపెనీ డ్రీమ్‌వీవర్ అల్ట్రాదేవ్‌ను తెచ్చి, ఈ రెండు దారులనూ కలిపింది.

దాని పద్ధతి గుమాస్తాకు ఇట్టే అర్థమవుతుంది. ముందు ఏ రికార్డు బీరువా తెరవాలో చెప్పాలి. అందులో ఏ పట్టిక, ఏ కాలమ్‌లు కావాలో ఎంచుకోవాలి. వాటిని పేజీ మీద కావలసిన చోటికి లాగాలి. ఒక వరుస అమర్చి ‘ఇలాగే తక్కినవన్నీ’ అని మీట నొక్కితే, పట్టికలో ఎన్ని పేర్లుంటే అన్ని వరుసలు వస్తాయి. పని మధ్యలోనే అసలు రికార్డులు పోసి చూసుకోవచ్చు. వెనుక కోడ్‌ను సాధనమే రాసేది.

ఇంత సులువులో ఒక ప్రమాదం కూడా ఉంది. పేరు రాయవలసిన గడిలో ఎవరైనా ఎస్.క్యూ.ఎల్. ముక్క రాస్తే, జాగ్రత్తగా రాయని కోడ్ దానిని పేరుగా కాక ఆజ్ఞగా తీసుకొంటుంది. ఈ మోసం సంగతి 1998లోనే అచ్చయింది. చెక్కు మీద అంకె పక్కన ఖాళీ వదిలితే ఇంకొకరు సున్నా చేర్చినట్లన్నమాట. నింపిన విషయాన్నీ, ఆజ్ఞనూ విడివిడిగా పంపడమే దీనికి విరుగుడు. మీట నొక్కినవారికి లోపలి కోడ్ తెలియకపోతే ఈ ఖాళీ కనబడదు.

రెండో సంగతి ఆయుర్దాయం. అల్ట్రాదేవ్ 2002లో డ్రీమ్‌వీవర్‌లో కలిసిపోయింది. 2005లో మాక్రోమీడియాను అడోబీ కొనుక్కుంది. 2013 నాటి డ్రీమ్‌వీవర్ కూర్పులో ఆ డేటాబేస్ మీటలనే మామూలు ప్యాకేజీ నుంచి తీసేశారు. ఆలోచన మాత్రం ఒరాకిల్ ఏపెక్స్, మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్ వంటి వాటిలో నేటికీ బతికే ఉంది. సాధనం వయసు పదేళ్ళ పైచిలుకు. పింఛను రికార్డు మనిషి చేరిన రోజు నుంచి కుటుంబ పింఛను ముగిసేదాకా నడవాలి. కనుక సాధనం మారినా పట్టిక చెక్కుచెదరకుండా ఉండేటట్లు చూడడమే అసలు పని.

సులువు కానిది ఏమిటంటే, ఏ గడి ఉండాలో నిర్ణయించడం. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. తెర మీద ‘మొదటి పేరు, చివరి పేరు’ అని రెండే గళ్ళుంటే ఒకచోట ఇంటిపేరు ముందు పడుతుంది, ఇంకోచోట వెనుక పడుతుంది. పింఛను కాగితంలో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు అయ్యాక, భర్త పోయిన ఇల్లాలు ఆ ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకోవలసి వస్తుంది. ఆ గడి గీసినవారు తెలివితక్కువవారు కారు. పని తెలిసినవారిని అడగలేదు, అంతే. ఈ అడగడాన్ని ఏ మీటా చేయలేదు.

2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక మన బతుకు సాక్ష్యం కూడా వేలిముద్రతో తెర మీదికి ఎక్కింది. అందుచేత సభ్యులకు నా మనవి ఒక్కటే. మీ పేరు, పుట్టిన తేదీ, భాగస్వామి పేరు అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయేమో ఈ నెలలోనే చూసుకోండి. ఇంట్లో పిల్లలు ఇటువంటి పేజీలు తయారు చేస్తూ ఉంటే పక్కన కూర్చొని ఏయే గళ్ళు కావాలో చెప్పండి. రూళ్ళకర్ర వారి చేతికి వెళ్ళింది గాని, ఏ కాలమ్ ఎందుకో మనకింకా గుర్తుంది.