సూసీ అడిగిన ప్రశ్న: ఇన్‌హేలర్ కథ

ఉబ్బసం ఉన్నవాళ్ళ ఇంట్లో ఇన్‌హేలర్ తెలియనివాళ్ళు ఉండరు. మా అవ్వ దాన్ని పంపు అంటుంది. అది పుట్టింది ఒక పదమూడేళ్ళ అమ్మాయి వల్ల.

1955లో అమెరికాలో రైకర్ లాబొరేటరీస్ అనే మందుల కంపెనీకి జార్జ్ మేసన్ అధ్యక్షుడు. ఆయన కూతురు సూసీకి ఉబ్బసం. అప్పట్లో గాజు బుడ్డిలో మందు పోసి, దానికి తగిలించిన రబ్బరు తిత్తిని చేత్తో పిసికితే తుంపర వచ్చేది. గాజు కదా, పగిలేది. పైగా గట్టిగా పిసికితే ఎక్కువ మందు, మెల్లగా పిసికితే తక్కువ. ఊపిరాడనప్పుడు చేతిలో బలం ఎక్కడిది? తలకు కొట్టుకునే స్ప్రే డబ్బాలాగా నా మందు కూడా ఎందుకు ఉండకూడదు అని ఆ పిల్ల నాన్నను అడిగిందంట.

మేసన్ ఆ మాటను తన కంపెనీవాళ్ళ ముందు పెట్టాడు. సెంటు సీసాల కోసం చేసిన వాల్వ్ ఒకటి దొరికింది. ఒక్కసారి నొక్కితే కొలిచినంతే బయటికి వస్తుంది. 1956లోనే మెడిహేలర్ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. జేబులో పట్టేది.

కానీ కొత్త చిక్కు వచ్చింది. నొక్కడం, పీల్చడం రెండూ ఒక్కసారే జరగాలి. మా అవ్వ మొదట్లో ముందు నొక్కి, తర్వాత పీల్చేది. మందంతా నాలుక మీద పడేది. "ఈ మందు పనికిరాదు" అనేది. మేమూ నమ్మినాము. ఒకరోజు డాక్టరమ్మ "ఏదీ, ఎలా పీలుస్తారో చూపించండి అవ్వా" అన్నాక గానీ తప్పెక్కడో తెలియలేదు. ఇప్పుడు ఇన్‌హేలర్‌కు ముందు స్పేసర్ అనే ప్లాస్టిక్ డబ్బా తగిలిస్తాము. తుంపర అందులో కాసేపు నిలుస్తుంది, నిదానంగా పీల్చుకోవచ్చు.

ఇంగ్లాండులో రోజర్ ఆల్టున్యన్ అనే డాక్టరు వేరే దారి వెతికాడు. ఆయనకూ ఉబ్బసమే. కొత్త మందులను తన మీదే పరీక్షించుకునేవాడు. (ఆర్థర్ రాన్సమ్ పిల్లల నవలలోని రోజర్‌కు ఆ పేరు ఈయనదే!) యుద్ధకాలంలో విమానం నడిపిన మనిషి కాబట్టి, స్పిన్‌హేలర్‌లో చిన్న పంకా పెట్టాడు. రోగి పీల్చే గాలికే అది తిరిగి పొడిని లోపలికి పంపుతుంది. నొక్కే పనే లేదు. మన మందుల షాపుల్లో దొరికే రోటాహేలర్ కూడా పొడిదే. అందులో వేసే గుళికను మాత్ర అనుకుని మింగేసేవాళ్ళూ ఉన్నారు.

నాకు వింతగా తోచింది ఇంకొకటి. డబ్బాలో ఎన్ని మోతాదులు మిగిలాయో బయటికి కనిపించదు. మందు అయిపోయినా గ్యాసు మిగిలి బుస్సుమంటూనే ఉంటుంది. కొందరు నీళ్ళలో వేసి, తేలితే ఖాళీ అనుకునేవాళ్ళు. అది నమ్మదగిన లెక్క కాదు. కొత్త ఇన్‌హేలర్లకు అంకెలు చూపే కౌంటర్ ఉండాలని అమెరికా మందుల శాఖ 2003లో సూచించింది. సూసీ ప్రశ్నకు ఏడాదిలో జవాబు దొరికింది, ఈ చిన్న లెక్కకు మాత్రం సుమారు యాభై ఏళ్ళు పట్టింది.

మా అవ్వ డబ్బాకు కౌంటర్ లేదు. మీద 200 అని రాసుంది. నేను క్యాలెండర్ వెనక గీతలు పెడుతున్నా. నిన్నటికి 164.