మన పేర్లు – మన బాప్తిస్మము

బాప్తిస్మ సమయమున పాత పేరు తీసి బైబిలు పేరు పెట్టుట మన సంఘములలో వాడుక. యోహాను అనగా యెహోవా కృప చూపెను అని అర్థము, మంచి పేరే. కాని పాత పేరుతో బాప్తిస్మము చెల్లదని కొందరు పెద్దలు పట్టుపట్టుచున్నారు. ఆది సంఘము ఇట్టి నియమమును విధింపలేదు.

లుస్త్ర పట్టణస్థులు పౌలును హెర్మే దేవత యని పిలిచినప్పుడు ఆయన వస్త్రములు చింపుకొనెను. ఆ పౌలే రోమా పత్రిక 16వ అధ్యాయమున హెర్మే అను సహోదరునికి వందనములు చెప్పెను! ఫీబే అనునది అర్తెమిదేవికి గ్రీకులిచ్చిన బిరుదు. ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితే దేవత యున్నది. వీరిలో ఎవరినైనను పేరు మార్చుకొనుమని పౌలు వ్రాసినట్లు కనబడదు. దానియేలునకు బెల్తెషాజరను పేరు పెట్టినవాడో, బబులోను రాజుగారి అధికారి.

మన తెలుగునాట సంగతి చూతము. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) బ్రాహ్మణ కుటుంబమున పుట్టి 1833లో బాప్తిస్మము పొందిరి. పురుషోత్తముడనగా విష్ణువు. ఆయన ఆ పేరు విడువలేదు, ఎవరును విడిపింపలేదు. ఆరాధనలో మనము పాడుకొను ఆయన కీర్తనల వద్ద ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున నేటికిని ఆ పేరే అచ్చగుచున్నది.