రేవులు మూసినను దారి మూయలేదు

రాయపూరునకు సముద్రము లేదు. రేవులతో సంబంధము మాత్రము కలదు.

పందొమ్మిదవ శతాబ్దమున ఆంధ్రతీరపు కూలీలు బర్మాకు తరలిరి. కోరంగి రేవు పేరిట అచ్చట వారిని 'కోరంగీలు' అనిరి. వారి కష్టముచే రంగూనునుండి బియ్యము ప్రపంచమునకు సాగినది. వారు పంపిన రూకలు ఇంటి అప్పులు తీర్చినవి. 1930 మే నెలలో రంగూను రేవున కూలి తగవు ముదిరి అల్లర్లయి పలువురు తెలుగువారు హతులైరి. 1942లో జపానీయుల దండయాత్రతో ఆ దారి మూతపడినది.

అప్పటికే వేరొక దారి తెరచుకొనియుండెను. విజయనగరము–రాయపూరు రైలుమార్గము 1931లో పూర్తియైనది. విశాఖ రేవు 1933లో ప్రారంభమైనది. మధ్యపరగణాల మాంగనీసు రేవునకు దిగిన దారినే తెలుగువారు ఎదురెక్కి వచ్చి రైల్వేలోను, 1955 నాటి సోవియట్ ఒడంబడికతో వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారములోను కుదురుకొనిరి.

పరదేశపు కూలి ఇల్లు నిలుపును. ఆ తలుపు మూసిననాడు నిలువనీడ స్వదేశమే చూపవలెను.