ఆటస్థలములో గురుస్థానము

పాలమూరు సీమలోగాని, నల్లగొండ సీమలోగాని సాయంకాలము బడి విడిచినవేళ పాఠశాల ఆవరణములో ఒక గడియసేపు నిలిచి చూచినచో ఒక సంగతి కంటబడును. ఆవరణము నడుమ మగపిల్లలు బంతి వెంట పరుగెత్తుచుందురు. గోడనీడన ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుచుందురు. లేదా పుస్తకముల సంచి భుజమున వేసికొని ఇంటిపనికై త్వరపడుచుందురు. నేల అందరిదే, బంతి మాత్రము కొందరిది. ఈ ఏర్పాటు ఎవరు చేసిరని అడిగినచో ఎవరును చెప్పలేరు. నడిమి నేలకును గోడనీడకును మధ్యనున్న ఆ కొద్ది దూరమును దాటుటకు స్త్రీలకు ఎంతకాలము పట్టెనో, దాటినవారిలో ఒకతె మరల వెనుదిరిగి ఇతరులకు ఎట్లు దారి చూపెనో నేడు ముచ్చటింపదలచితిమి.

ఫుట్‌బాల్ మన ప్రాంతమునకు కొత్త ఆట కాదు. హైదరాబాదు నగరమున 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచే బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పును గెలిచెను. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములను పొందెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమున నిలిచెను. ఒక మంచి గురువు దొరికినచో ఆట ఎంతదూరము పోగలదో రహీం జీవితము చాటుచున్నది. అయితే ఆ జట్లన్నియు పురుషుల జట్లు. స్త్రీల ఆటకు అట్టి గురువు లభించుటకు మరి అర్ధశతాబ్దము గడువవలసి వచ్చెను.

ఈ ఆలస్యము మన దేశమునకే పరిమితము కాదు. ఆటకు పుట్టినిల్లయిన ఇంగ్లండులో 1920 డిసెంబరు 26వ తేదీన లివర్‌పూల్ నగరమున జరిగిన స్త్రీల పోటీని చూచుటకు సుమారు 53,000 మంది వచ్చిరి. మరుసటి సంవత్సరము డిసెంబరులో అచ్చటి ఫుట్‌బాల్ సంఘమువారు, ఈ ఆట స్త్రీలకు తగినది కాదని తీర్మానించి, తమ సంఘపు ఆటస్థలములను వారికి మూసివేసిరి. ఆ నిషేధము సుమారు ఐదు దశాబ్దములు సాగెను. ప్రేక్షకులు లేక ఆట ఆగలేదు. ఆటస్థలము లేక ఆగెను. ఈ సంగతి మనము గుర్తుంచుకొనదగినది.

మన దేశములో 1975లో మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడెను. అదే సంవత్సరము లక్నోలో తొలి జాతీయ పోటీలు జరిగెను. అటుపిమ్మట కొద్దికాలములోనే, 1980లోను 1983లోను, మన మహిళలు ఆసియా పోటీలలో రెండవ స్థానము పొందిరి. బెంగాలుకు చెందిన శాంతి మల్లిక్ 1983లో అర్జున పురస్కారము పొంది, ఆ గౌరవమందిన తొలి మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి అయ్యెను. ఆ పురస్కారము మరియొక మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణికి లభించుటకు 34 సంవత్సరములు పట్టెను. ఆ రెండవ క్రీడాకారిణియే నేటి మన కథానాయిక, మణిపురమునకు చెందిన ఓయినం బెంబెం దేవి.

ఆమె 1980లో ఇంఫాల్‌లో జన్మించెను. ఎనిమిదేండ్ల ప్రాయమున బంతి తన్నుట మొదలిడినప్పుడు తోడి ఆటగాండ్రందరు మగపిల్లలే. బాలుర పోటీలలో చోటు దొరకుటకై ఆమె మగపిల్లవాని పేరు చెప్పుకొని ఆడెను. ఈ మాట వినగానే మాకు మన సీమయే జ్ఞప్తికి వచ్చినది. తెలంగాణ సాయుధ పోరాటకాలమున, నాటి నల్లగొండ జిల్లాలోని కరివిరాల కొత్తగూడెమునకు చెందిన మల్లు స్వరాజ్యం రాజక్క అను మారుపేరుతో తిరిగెను. పోరాటము వేరు, ఆట వేరు. రెంటికి పోలిక పెట్టుట మా ఉద్దేశము కాదు. కాని తన పేరును దాచుకొననిదే తన పని చేసికొనలేని స్థితి ఎట్టిదో మన ప్రాంతపు స్త్రీలకు ఒకరు వివరింపనక్కరలేదు.

1995లో, పదునైదేండ్ల వయస్సున, బెంబెం దేవి భారత జట్టులో స్థానము పొందెను. ఆమె మధ్యభాగమున ఆడెడి క్రీడాకారిణి. అది గోలు కొట్టి చప్పట్లు పొందు స్థానము కాదు. వెనుకనుండి వచ్చు బంతిని అందుకొని, ముందున్న వారిలో ఎవరికి అందింపవలెనో కనురెప్పపాటులో నిర్ణయించు స్థానము. అట్టి స్థానమున ఆమె ఇరువది సంవత్సరములు నిలిచెను. జట్టు నాయకత్వమును కూడ వహించెను. 2010, 2012, 2014 సంవత్సరములలో దక్షిణాసియా మహిళా ఫుట్‌బాల్ పోటీలను భారతదేశమే గెలిచెను. 2014లో ఆమె మాల్దీవులకు పోయి అచ్చటి న్యూ రేడియంట్ జట్టు పక్షమున ఆడెను. 2016 ఫిబ్రవరిలో షిల్లాంగులో జరిగిన దక్షిణాసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన పిమ్మట అంతర్జాతీయ క్రీడకు స్వస్తి చెప్పెను.

ఇంతటితో కథ ముగిసిన యెడల ఇది ఒక వ్యక్తి కీర్తిగాథగానే మిగిలియుండును. దేశమున మహిళల లీగు పోటీలు మొదలైనది ఆమె విరమించిన పిమ్మటనే. 2017లో జరిగిన ఆ తొలి లీగులో విజేతగా నిలిచినది మణిపురపు ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ జట్టు. దాని వెనుక నిలిచి నడిపించినవారిలో బెంబెం దేవి ఒకతె. తరువాత జాతీయ బాలికల జట్ల శిక్షణలోను ఆమె పాలుపంచుకొనెను. 2017లో అర్జున పురస్కారము, 2020లో పద్మశ్రీ ఆమెను వరించెను. పద్మశ్రీ పొందిన తొలి భారతీయ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి ఆమెయే.

ఈ దారి పట్టినది ఆమె ఒక్కతెయే కాదు. గోవాకు చెందిన పూర్వ క్రీడాకారిణి మేమోల్ రాకీ 2017లో భారత మహిళల జట్టుకు ప్రధాన శిక్షకురాలయ్యెను. మణిపురమునకే చెందిన లంగం చావోబా దేవి అటుపిమ్మట ఆ బాధ్యత స్వీకరించెను. బాగుగా ఆడినంతమాత్రమున బాగుగా నేర్పగలరని అనుకొనుట పొరపాటు. శిక్షకత్వమునకు వేరు చదువు కలదు; ‘డి’ శ్రేణి అనుమతిపత్రము మొదలు సి, బి, ఎ శ్రేణుల వరకు మెట్లు మెట్లుగా పరీక్షలు కలవు. తన కాలికి తెలిసినదానిని ఇతరులకు నోటితో చెప్పగలుగుటయే ఆ చదువు సారము.

ఇక మన సీమకు వత్తము. తెలంగాణలో, నిజామాబాదు జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత జట్టులో ఆడుచు, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ జట్టులో చేరెను. తండానుండి ఐరోపా వరకు దారి కలదని దీనిచే తేలినది. మరి పాలమూరునుండియు, నల్లగొండనుండియు అట్టివారు ఏల రారు? పరుగెత్తు శక్తి లేకనా? తలపై నీళ్లబిందెతో మైళ్లు నడిచిన తల్లుల బిడ్డలు వీరు. పనికై దూరదేశములకు వలసపోయి ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల బిడ్డలు వీరు. కొరత కాళ్లలో లేదు.

పిల్లను ఆటకు పంపుమని పల్లెలో ఏ తల్లినైన అడిగి చూడుడు. ఆమె గెలుపును గూర్చి అడుగదు, పతకమును గూర్చి అడుగదు. "అక్కడ పిల్లతోని ఎవరుంటరు?" అని అడుగును. ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము చెప్పలేకయే అనేకుల ఆట పదునాలుగవ ఏట ఆగిపోవుచున్నది. ఒకప్పుడు తాను ఆడి, నేడు నేర్పుచున్న స్త్రీ ఆటస్థలమున నిలిచియున్నచో ఆ ప్రశ్నకు వేరు సమాధానము అక్కరలేదు. బూట్లు లేకున్నను కొంతకాలము ఆడవచ్చును. గడ్డి మొలవని ఎర్రదుబ్బలోను ఆడవచ్చును. ఆ తల్లి నమ్మకము లేక ఒక్క దినమైనను ఆడలేరు.

కావున మా మనవి చిన్నది. మన జిల్లాలలో ఒకప్పుడు పరుగుపందెములలోనో, కబడ్డీలోనో, ఫుట్‌బాల్‌లోనో పాఠశాల పక్షమున ఆడి, పెండ్లితో ఆట చాలించిన స్త్రీలు ఎందరో ఉన్నారు. వారిని వెదకి పిలువవలెను. శిక్షకత్వపు తొలిమెట్టు ఎక్కించవలెను. వారి శ్రమకు జీతము ఏర్పరుపవలెను. బెంబెం దేవి బాల్యమున పరుల పేరుతో బంతి తన్నెను. ఆమె వద్ద నేర్చిన బాలికలు తమ పేరుతోనే ఆడుచున్నారు. ఈ మార్పునకు ముప్పది యేండ్లు పట్టెను. మన బడి ఆవరణములో గోడనీడనుండి నడిమి నేలకు ఉన్న దూరము నలుబది అడుగులకు మించదు. చేయిపట్టి నడిపించువారు కలిగినచో దానికి అన్ని యేండ్లు అక్కరలేదు.